ఫైబ్రోమయాల్జియా: నొప్పిని గ్రహించే తీరు, వ్యాధి తీవ్రత

ఫైబ్రోమయాల్జియా దీర్ఘకాలిక నొప్పి రుగ్మత. మూడు నెలలకు పైబడి ఒళ్ళంతా నొప్పులు, ఎంత పడుకున్నా తీరని అలసట, తెల్లారి లేచేసరికి రాత్రంతా నిద్రే లేనట్టుండే బడలిక, మతిమరుపు, ఏ పని మీదా దృష్టి నిలవకపోవడం దీని ప్రధాన లక్షణాలు. కీళ్ళు వాయవు, ఎముకలు అరగవు, కండరాలు క్షీణించవు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ లాంటి పరీక్షలు మామూలుగానే వస్తాయి. అయినా మనిషి మంచం దిగడానికి కష్టపడుతూనే ఉంటుంది. "ఉంటుంది" అని స్త్రీలింగంలో రాయాల్సి రావడానికి కారణం ఉంది. రోగుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. అయితే పాత పద్ధతిలో లెక్కించినప్పుడు ఒక మగవాడికి తొమ్మిదిమంది ఆడవాళ్ళు తేలితే, కొత్త ప్రమాణాలతో చూసినప్పుడు ఆ తేడా బాగా తగ్గింది. ప్రపంచ జనాభాలో సుమారు 2 నుంచి 3 శాతం మందికి ఈ రుగ్మత ఉంటుందని అంచనా.

శరీరంలో ఏ భాగమూ చెడకుండా ఇంత నొప్పి ఎందుకు? ఒకే జబ్బు ఒకరిని ఆఫీసుకు వెళ్ళనిచ్చి, మరొకరిని వంటింటి దాకా కూడా నడవనివ్వదేం? గత నలభై ఏళ్ళ పరిశోధన ఈ రెండు ప్రశ్నల చుట్టూనే నడిచింది. మొదటిదానికి గట్టి జవాబే దొరికింది: నొప్పి సంకేతాలను వెన్నుపాము, మెదడు అందుకునే తీరు, అణచే తీరు మారిపోతాయి. రెండోదానికి దొరికిన జవాబు సగమే. ఆ సగం గురించే ఈ వ్యాసంలో ఎక్కువ చెప్పాలి.

ద్వారక నుంచి ఎయిమ్స్ దాకా

ఢిల్లీ నైరుతి మూలన, ఒకప్పుడు పప్పన్‌కలాన్ అని పిలిచిన చోట ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కట్టిన ఉపనగరం ద్వారక. సెక్టార్లు, వాటి నిండా సహకార గృహనిర్మాణ సొసైటీల అపార్ట్‌మెంట్లు. కేంద్ర ప్రభుత్వ కొలువులకో, రక్షణ శాఖలో పనికో, విమానాశ్రయ ఉద్యోగాలకో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఇక్కడున్నాయి. ఒళ్ళు నొప్పులతో బాధపడే మనిషి ఇక్కడ మొదట కాలనీలోని క్లినిక్‌కు, ఆ తర్వాత ఎముకల డాక్టరుకు, అక్కడి నుంచి నరాల డాక్టరుకు, చివరికి సెక్టార్ 9లోని ప్రభుత్వ ఇందిరాగాంధీ ఆసుపత్రికో, ఏదో ఒక కార్పొరేట్ ఆసుపత్రికో వెళ్ళడం మామూలు. చేతిలో ఫైలు మందమవుతుంది: థైరాయిడ్ రిపోర్టు, విటమిన్ డి, ఆర్ఏ ఫ్యాక్టర్, సీపీకే, నడుము ఎంఆర్ఐ. విటమిన్ డి తక్కువగా తేలితే సాషేలు రాస్తారు, ఎంఆర్ఐలో డిస్కు కాస్త అరిగిందని ఉంటే నెపం దాని మీదికి పోతుంది. ఈ పరీక్షలు అనవసరమనలేం. థైరాయిడ్ లోపం, విటమిన్ డి లోపం, కీళ్ళవాతం కూడా ఇలాంటి నొప్పులే తెస్తాయి కాబట్టి వాటిని తోసిపుచ్చాల్సిందే. చిక్కల్లా అన్నీ "నార్మల్" అని తేలాక మొదలవుతుంది. నార్మల్ అంటే నొప్పి లేదని కాదు. ఇంతవరకూ చేసిన పరీక్షలు నొప్పిని కొలిచేవి కావని మాత్రమే.

ఆ నొప్పినే కొలిచే పని ద్వారకకు మెట్రో దూరంలోనే జరుగుతోంది. బ్లూ లైన్‌లో జనక్‌పురి వెస్ట్ దాకా, అక్కడి నుంచి మెజెంటా లైన్‌లో హౌజ్ ఖాస్, అక్కడ ఎల్లో లైన్ ఎక్కితే గ్రీన్ పార్క్ దాటగానే ఎయిమ్స్. అక్కడి ఫిజియాలజీ విభాగంలో రేణు భాటియా బృందం, రుమటాలజీ విభాగానికి చెందిన ఉమా కుమార్‌తో కలిసి, ఫైబ్రోమయాల్జియా రోగుల మెదడును అయస్కాంత తరంగాలతో ఉత్తేజపరిచే ప్రయోగాలు చేసింది. ఆ ప్రయోగం ఏమిటో అర్థం కావాలంటే ముందు నొప్పి నడిచే దారి తెలియాలి.

పేరు మారిన జబ్బు

1904లో బ్రిటిష్ నాడీ వైద్యుడు విలియం గవర్స్ దీన్ని ఫైబ్రోసైటిస్ అన్నాడు. కండరాలను అంటిపెట్టుకున్న పీచు కణజాలం వాచిందని ఆయన ఊహ. డెబ్బై ఏళ్ళపాటు ఎంత వెతికినా ఆ వాపు కనబడలేదు. 1975లో టొరంటోలో హార్వే మోల్డోఫ్‌స్కీ బృందం రోగుల నిద్రను రికార్డు చేసింది. గాఢ నిద్రలో ఉండాల్సిన నెమ్మది తరంగాల మధ్య మెలకువకు చెందిన ఆల్ఫా తరంగాలు చొరబడుతున్నాయని తేలింది. ఆరోగ్యవంతులను కొన్ని రాత్రులు గాఢ నిద్ర పోనివ్వకుండా చేస్తే వాళ్ళకూ ఒళ్ళు నొప్పులు వచ్చాయి. దృష్టి కండరం మీద నుంచి మెదడు వైపు మళ్ళడానికి ఇదే తొలి గట్టి ఆధారం. మరుసటి ఏడాది ఫైబ్రోమయాల్జియా అన్న పేరు వచ్చింది. 1981లో అమెరికాలో మహమ్మద్ యూనస్ రోగులనూ ఆరోగ్యవంతులనూ పక్కపక్కన పెట్టి లక్షణాలను క్రమబద్ధంగా పోల్చాడు.

1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ తొలి ప్రమాణాలు ఇచ్చింది. ఒంటిమీద ఎంపిక చేసిన 18 చోట్ల వేలితో నొక్కాలి. కనీసం 11 చోట్ల నొప్పి అనాలి. ఎంత గట్టిగా నొక్కాలి? చదరపు సెంటీమీటరుకు 4 కిలోలు. డాక్టరు తన బొటనవేలి గోరు తెల్లబడేదాకా నొక్కితే దాదాపు అంత ఒత్తిడి వస్తుంది. వైద్య విద్యార్థులకు నేటికీ అలాగే నేర్పుతారు. మెడ వెనక, భుజం పైన, మోచేయి పక్కన, పిరుదు మీద, మోకాలి లోపలివైపు అలా నొక్కుకుంటూ పోతుంటే ఆరోగ్యవంతురాలు "ఒత్తుతున్నారు" అంటుంది, రోగి "అమ్మా" అంటుంది. జబ్బు సారమంతా ఆ రెండు జవాబుల తేడాలోనే ఉంది.

నొప్పి దారిలో మూడు మార్పులు

1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ గేట్ కంట్రోల్ సిద్ధాంతం ప్రకటించేదాకా నొప్పిని గాయం నుంచి మెదడుకు తిన్నగా పోయే సంకేతంగానే చూశారు. వెన్నుపాములో ఒక ద్వారం లాంటి ఏర్పాటు ఉందని, అది సంకేతాన్ని తగ్గించగలదు, పెంచగలదు అని వాళ్ళు చెప్పారు. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ఎలుకల్లో ఇంకో సంగతి చూపించాడు. గాయం నుంచి సంకేతాలు ఉద్ధృతంగా వచ్చాక వెన్నుపాము కణాలే అతిగా స్పందించే స్థితికి చేరతాయి, ఆ తర్వాత మామూలు తాకిడికి కూడా నొప్పిగా బదులిస్తాయి. దీన్నే సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటున్నారు. పెళ్ళి పందిట్లో మైకు సెట్టు గెయిన్ మరీ పెంచి ఉంచితే పంతులుగారు గొంతు సవరించుకున్నా వీధి చివరిదాకా వినబడినట్టు, చిన్న సంకేతం పెద్దదవుతుంది.

ఫైబ్రోమయాల్జియాలో ఈ మార్పు మూడు చోట్ల కనబడుతుంది.

మొదటిది పైకి వెళ్ళే దారి. ఒకే తీవ్రతతో వేడినో ఒత్తిడినో రెండు మూడు సెకన్లకోసారి వరసగా ఇస్తూ పోతే ఎవరికైనా నొప్పి మెల్లగా పెరుగుతుంది. దీన్ని వైండప్ అంటారు. ఫ్లోరిడాలో రోలండ్ స్టౌడ్ బృందం 2001లో చూపించిందేమంటే, ఫైబ్రోమయాల్జియా రోగుల్లో ఈ పెరుగుదల ఎక్కువ, ఉద్దీపన ఆగాక కూడా నొప్పి ఆగదు, చాలాసేపు మిగిలే ఉంటుంది. వెన్నెముక ద్రవంలో నొప్పి సంకేతాలను మోసే సబ్‌స్టెన్స్ పి రోగుల్లో ఆరోగ్యవంతుల కంటే రెండు మూడు రెట్లు ఉన్నట్టు అంతకుముందే, 1988 నుంచి 1994 మధ్య, వేర్వేరు బృందాలు కనుగొన్నాయి.

రెండోది కిందికి దిగే అణచివేత. మెదడు కాండం నుంచి వెన్నుపాముకు దిగే నాడీమార్గాలు నొప్పికి కళ్ళెం వేస్తాయి. దీన్ని పరీక్షించే పద్ధతి తేలికే: ఒక చెయ్యి మంచు నీళ్ళలో పెట్టించి, రెండో చేతి మీద ఒత్తిడి ఇస్తారు. ఆరోగ్యవంతుల్లో చలినీళ్ళ బాధ ఆ ఒత్తిడి నొప్పిని తగ్గిస్తుంది. ఫైబ్రోమయాల్జియాలో ఈ తగ్గుదల సగటున చాలా తక్కువ, కొందరిలో అసలు ఉండదు. స్వీడన్‌లో ఎవా కొసెక్ బృందం ఇదే లోపాన్ని వ్యాయామంలోనూ చూసింది. కండరాన్ని బిగబట్టినప్పుడు ఆరోగ్యవంతులకు ఒంటిమీద నొప్పి భరించే శక్తి పెరుగుతుంది. ఈ రోగుల్లో పెరగలేదు. "కాస్త నడిస్తే అదే తగ్గుతుంది" అని ఇంట్లోవాళ్ళు అన్నప్పుడు రోగి కన్నీళ్ళు పెట్టుకోవడానికి శరీరధర్మ పరమైన కారణం ఇదే. అలా నడిచిన మర్నాడు ఆమెకు నిజంగానే ఎక్కువవుతుంది.

మూడోది మెదడు. 2002లో రిచర్డ్ గ్రేస్లీ, డేనియల్ క్లా బృందం 16 మంది రోగులకు, 16 మంది ఆరోగ్యవంతులకు ఎడమ బొటనవేలి గోరు మీద ఒత్తిడి ఇస్తూ మెదడు స్కానింగ్ తీసింది. రోగుల్లో చదరపు సెంటీమీటరుకు సుమారు 2.4 కిలోలకే వచ్చిన నొప్పి ఆరోగ్యవంతుల్లో రావడానికి 4 కిలోలు దాటాల్సి వచ్చింది. ఒకే ఒత్తిడి ఇచ్చినప్పుడు రోగుల మెదడులో చాలా చోట్ల క్రియాశీలత పెరిగింది, ఆరోగ్యవంతుల్లో పెరగలేదు. అంటే రోగి అతిశయోక్తి చెప్పడం లేదు, ఆమె మెదడు నిజంగానే అంత నొప్పిని అందుకుంటోంది. ఈ ఒక్క ప్రయోగం "నాటకం" అన్న నిందను వైద్యశాస్త్రం నుంచి తొలగించాలి. క్లినిక్కుల్లో ఆ నింద ఇంకా మిగిలి ఉండడం అన్యాయం.

2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం ఈ రకం నొప్పికి నోసిప్లాస్టిక్ అన్న వర్గాన్ని ఒప్పుకుంది. కణజాలం చెడి వచ్చే నొప్పి, నరం దెబ్బతిని వచ్చే నొప్పి, ఈ రెంటికీ చెందని మూడో వర్గం ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ వర్గీకరణలో ఫైబ్రోమయాల్జియా దీర్ఘకాలిక ప్రాథమిక నొప్పుల కింద, ఒళ్ళంతా నొప్పి విభాగంలో చేరింది.

తీవ్రతను ఎలా కొలుస్తారు

వేలితో నొక్కి లెక్కపెట్టే పద్ధతికి రెండు లోపాలు బయటపడ్డాయి. చాలామంది డాక్టర్లు సరిగ్గా నొక్కలేదు, కొందరు అసలే నొక్కలేదు. అంతకంటే ముఖ్యంగా, 1990 ప్రమాణాలను రూపొందించడంలో ముందున్న ఫ్రెడరిక్ వుల్ఫే 1997లో రాసిందేమంటే, నొప్పి బిందువుల సంఖ్య మనిషి మొత్తం బాధను ప్రతిబింబిస్తోంది తప్ప ఒక ప్రత్యేకమైన జబ్బును విడదీసి చూపడం లేదు. 2010లో, తర్వాత 2016 సవరణలో, బిందువులు పోయి ప్రశ్నలు వచ్చాయి.

ఒక కాగితం మీద 19 శరీర భాగాలు ఉంటాయి: దవడలు, మెడ, భుజాలు, చేతులు, ఛాతీ, పొట్ట, వీపు, తుంటి, తొడలు, పిక్కలు. గత వారంలో నొప్పి ఉన్నవాటికి గుర్తు పెట్టాలి. రెండో భాగంలో అలసట, నిద్రలేచాక బడలిక, ఆలోచనలో మందకొడితనం ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు. తలనొప్పి, పొత్తికడుపు నొప్పి, దిగులు ఉంటే ఒక్కో మార్కు. మొదటి భాగానికి 19, రెండోదానికి 12, మొత్తం 31. మొదటిదానిలో కనీసం 7, రెండోదానిలో కనీసం 5 ఉంటే, లేదా మొదటిదానిలో 4 నుంచి 6 మధ్య ఉండి రెండోది కనీసం 9 ఉంటే, నొప్పి శరీరంలోని ఐదు ప్రాంతాల్లో కనీసం నాలుగింట ఉంటే, మూడు నెలలుగా ఇలాగే సాగితే ఫైబ్రోమయాల్జియా. ఇంకో జబ్బు ఉన్నా ఈ నిర్ధారణ చెల్లుతుందని 2016 సవరణ స్పష్టం చేసింది. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు ఇది ముఖ్యం. వాపు తగ్గినా నొప్పి తగ్గనప్పుడు కీళ్ళవాతం మందు మోతాదు పెంచుకుంటూ పోవడం కంటే ఈ కాగితం నింపించడం మేలు.

రోజువారీ జీవితం మీద దెబ్బను చూడడానికి ఎఫ్ఐక్యూ అనే ప్రశ్నావళి ఉంది. 1991లో వచ్చింది, 2009లో 21 ప్రశ్నలతో సవరించారు. తల దువ్వుకోవడం, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవడం, వంట చెయ్యడం, సరుకుల సంచి మోయడం, మేడ మెట్లెక్కడం లాంటివి అడుగుతుంది. నూటికి 39 లోపు తేలిక, 59 లోపు మధ్యస్థం, ఆపైన తీవ్రం అని పాత ఎఫ్ఐక్యూకు వాడే గీతలు.

ఈ మార్కులు జబ్బు ఉందా లేదా అన్న గీత దగ్గరే ఆగవు. మిషిగన్‌లో మోకాలు, తుంటి మార్పిడి చేయించుకున్న 519 మందిని 2013లో అనుసరించారు. 31 మార్కుల కొలబద్ద మీద ఒక్కో మార్కు పెరిగేకొద్దీ ఆపరేషన్ తర్వాత వాళ్ళకు కావలసిన మార్ఫిన్ కోవ మందు సుమారు 9 మిల్లీగ్రాముల చొప్పున పెరిగింది. ఫైబ్రోమయాల్జియా అని పేరు పెట్టనివాళ్ళలో కూడా ఇలాగే. అంటే నొప్పిని పెంచి చూపే ఈ గుణం మనుషుల్లో తెగిపోకుండా పరుచుకుని ఉంది. ఫైబ్రోమయాల్జియా దాని పై చివర.

ప్రయోగశాల కొలతకూ బాధకూ ఎంత చుట్టరికం

ఇక రెండో ప్రశ్న. నొప్పి గ్రహింపు ఎంత మారితే జబ్బు అంత ముదిరినట్టా?

కొన్ని చోట్ల జవాబు అవుననే. 2010లో విటాలీ నాపడో బృందం 18 మంది రోగుల్లో చూసింది: నొప్పి అనుభవంలో కీలకమైన ఇన్సులాకూ, ఊరికే ఉన్నప్పుడు పనిచేసే మెదడు వలయానికీ మధ్య అనుసంధానం ఎంత బలంగా ఉంటే స్కానింగ్ సమయంలో రోగి చెప్పిన నొప్పి అంత ఎక్కువగా ఉంది. 2007లో రిచర్డ్ హారిస్ బృందం 17 మంది రోగుల మెదడులో మార్ఫిన్ కోవ మందులు అంటుకునే ఓపియాయిడ్ గ్రాహకాలు తక్కువగా అందుబాటులో ఉన్నాయని, అవి తగ్గేకొద్దీ నొప్పి తెచ్చే యాతన పెరుగుతోందని చూపింది. ఈ రోగులకు మార్ఫిన్ కోవ మందులు ఎందుకు పనిచేయవో కూడా ఇది చెబుతోంది. స్టౌడ్ బృందం లెక్కల్లో, ఉద్దీపన ఆగాక మిగిలే నొప్పి, దాంతోపాటు వచ్చే ఆందోళన కలిస్తే రోగి రోజువారీ నొప్పిలో చెప్పుకోదగ్గ భాగాన్ని వివరించగలిగాయి.

మరికొన్ని చోట్ల చుట్టరికం పలచన. వేలితో, యంత్రంతో నొక్కి చూసే ఒత్తిడి పరీక్షకూ రోగి జీవితంలోని ఇబ్బందికీ సంబంధం ఉంది గాని బలమైనది కాదు. చలినీళ్ళ పరీక్ష ఫలితం ఒకే మనిషిలో ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా రావచ్చు. రోగుల గుంపు సగటును ఆరోగ్యవంతుల సగటు నుంచి విడదీయడంలో ఈ పరీక్షలు నెగ్గుతాయి. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి ఎంత బాధ ఉందో చెప్పడంలో మాత్రం ఆమె నోటిమాటను మించలేవు. 2017లో మరీనా లోపెజ్ సోలా బృందం మెదడు స్కాన్ల నుంచి తీసిన నమూనా 37 మంది రోగులను 35 మంది ఆరోగ్యవంతుల నుంచి 90 శాతానికి పైగా సరిగ్గా విడదీసింది. అందులో ఆసక్తికరమైన సంగతి, నొప్పితో పాటు వెలుతురు, శబ్దం లాంటి మామూలు ఇంద్రియ సంకేతాలకూ మెదడు భిన్నంగా స్పందించడం. కుక్కర్ కూతకీ ట్యూబ్‌లైటుకీ చిరాకుపడే రోగిని చాదస్తమనుకునే ఇళ్ళల్లో ఈ ముక్క తెలియాలి.

మనసు సంగతి కూడా చెప్పాలి. దిగులు ఉన్న రోగుల్లో నొప్పి తీవ్రతను నమోదు చేసే మెదడు భాగాలు దిగులును బట్టి మారలేదని, భావోద్వేగానికి సంబంధించిన భాగాలు మాత్రం మారాయని గ్రేస్లీ, క్లా సహచరులు 2005లో కనుగొన్నారు. దిగులు నొప్పిని భరించడం కష్టం చేస్తుంది, నొప్పిని సృష్టించదు.

చర్మం లోపల, రక్తంలో

అంతా మెదడులోనే ఉందని తేల్చేస్తే మళ్ళీ తప్పు చేసినట్టే. 2013లో బోస్టన్‌లో 27 మంది రోగుల చర్మపు ముక్కలు తీసి చూస్తే 41 శాతం మందిలో సన్నని నాడీతంతువులు తగ్గి ఉన్నాయి. పోలిక కోసం చూసినవాళ్ళలో 3 శాతమే. జర్మనీలోని వ్యూర్ట్స్‌బర్గ్ బృందం 2019లో 117 మంది స్త్రీలలో తీవ్రతకు నేరుగా ముడిపెట్టింది: చర్మంలో తంతువులు ఎంత విస్తారంగా తగ్గితే జబ్బు అంత తీవ్రం. 2021లో లండన్, లివర్‌పూల్, స్టాక్‌హోమ్ పరిశోధకులు రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కించారు. ఎలుకలకు ఒత్తిడి, చలి నొప్పిగా మారాయి, కదలిక తగ్గింది. రెండు మూడు వారాల్లో యాంటీబాడీలు పోగానే అవి కోలుకున్నాయి. ఫైబ్రోమయాల్జియా అన్న ఒక్క పేరు కింద ఒకటి కంటే ఎక్కువ జబ్బులు ఉండవచ్చని, తీవ్రతకు ఒక్కొక్కరిలో ఒక్కో మూలం ఉండవచ్చని నా అభిప్రాయం. ప్రస్తుత ఆధారాలు అటే మొగ్గుతున్నాయి. వంశపారంపర్యం కూడా ఉంది: రోగి తోబుట్టువులు, పిల్లలు, తల్లిదండ్రుల్లో ఈ జబ్బు అవకాశం ఎనిమిది రెట్లకు పైనే అని 2004 నాటి ఒక కుటుంబ అధ్యయనం.

ఎయిమ్స్ ప్రయోగం, చికిత్స

ఎయిమ్స్ బృందం 2020లో ప్రచురించిన ప్రయోగంలో 90 మంది రోగులను రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు నుదుటి వెనక కుడివైపున్న మెదడు భాగం మీద తక్కువ పౌనఃపున్యంతో అయస్కాంత తరంగాలు ఇచ్చారు. రెండో గుంపుకు అదే కుర్చీ, అదే శబ్దం, తరంగాలు మాత్రం ఉత్తుత్తివి. నాలుగు వారాల చికిత్స తర్వాత అసలు తరంగాలు అందుకున్నవాళ్ళకు నొప్పి గణనీయంగా తగ్గింది, ఆరు నెలలదాకా వాళ్ళను కనిపెట్టుకుని చూశారు. నొప్పి గ్రహింపును మార్చగలిగితే తీవ్రత తగ్గుతుందన్న వాదానికి మన దేశపు రోగుల నుంచి వచ్చిన ఆధారం ఇది. ఇది అందరికీ అందుబాటులోకి రావడానికి ఇంకా సమయం పడుతుంది.

మందుల్లో ప్రీగాబలిన్, డ్యులాక్సెటిన్, మిల్నాసిప్రాన్‌లకు అమెరికాలో 2007, 2008, 2009లలో వరసగా అనుమతి వచ్చింది. రాత్రిపూట చిన్న మోతాదులో ఎమిట్రిప్టిలిన్ చాలాకాలంగా వాడుకలో ఉంది. ఇవి వాపు తగ్గించే మందులు కావు. కళ్ళెం వేసే నాడీమార్గాలకు బలమివ్వడమో, పైకి పోయే సంకేతాన్ని తగ్గించడమో వీటి పని. ప్రీగాబలిన్ వాడాక ఇన్సులాలో నాడీకణాలను ఉత్తేజపరిచే గ్లూటమేట్ తగ్గినట్టు 2013లో ఒక చిన్న అధ్యయనంలో కనబడింది. అయితే ఏ మందైనా కొందరికే పనిచేస్తుంది, అదీ పాక్షికంగానే. యూరోపియన్ రుమటాలజీ సంఘం 2017లో బలంగా సిఫారసు చేసింది ఒక్కదాన్నే: వ్యాయామం. పైన చెప్పిన లోపం వల్ల అది రోగికి మొదట్లో ఎదురు తిరుగుతుంది కాబట్టి ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టి వారాల మీద పెంచాలి. ఉత్సాహం వచ్చిన రోజున రెట్టింపు నడవకూడదు, నొప్పిగా ఉన్న రోజున పూర్తిగా మానకూడదు.

హైదరాబాద్ నిమ్స్‌లోనూ రుమటాలజీ విభాగం ఉంది. ద్వారకలోనైనా, దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా మూడు నెలలు దాటిన ఒళ్ళు నొప్పులతో వచ్చిన మనిషికి రిపోర్టులన్నీ మామూలుగా ఉన్నప్పుడు, "ఏమీ లేదు" అని పంపేముందు ఆ 31 మార్కుల కాగితం నింపించమని డాక్టర్లకు విజ్ఞప్తి. దానికి కొద్ది నిమిషాలు, ఒక పెన్ను చాలు, యంత్రం అక్కర్లేదు. వచ్చిన మార్కును ఫైల్లో తేదీతో రాసి పెడితే, ఆరు నెలల తర్వాత మళ్ళీ నింపించినప్పుడు చికిత్స పనిచేసిందో లేదో రోగికీ డాక్టరుకీ కూడా తెలుస్తుంది.